గుంటూరులో మైనస్ పదిహేను

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఏడు గుంటూరులో రోళ్ల సంగతి ఎవరూ చూడలేదు గానీ, బ్రాడీపేటలో ఒకావిడ డాబా మీద ఆరబెట్టిన అప్పడాలు సాయంత్రానికి వేగినంత పని అయ్యిందని చెప్పుకున్నారు. అలాంటి రోజుల్లో, మిట్టమధ్యాహ్నం పూట, ఒక కొత్త జంట బట్టల కొట్టుకు వెళ్లి ఉన్ని స్వెట్టర్లు కావాలని అడిగింది.

కొట్టాయన ముందు అమ్మాయి మొహంలోకి చూశాడు. తర్వాత అబ్బాయి మొహంలోకి చూశాడు. తర్వాత బయట ఎండలోకి చూశాడు.

"వడదెబ్బా అమ్మా? కూర్చోండి, కాసిని మంచినీళ్లు తాగండి."

"వడదెబ్బ కాదండీ, చలి మండలికి వెళ్లాలి," అంది ప్రసూన.

"అట్టా చెప్పండి మరి!" అంటూ ఆయన అటక మీది మూట దింపించాడు. "ఈ ఎండాకాలం నా బేరమంతా ఆ మండలి చలవే తల్లీ. మంకీ క్యాపులు కూడా పట్టుకుపోండి. క్యాపు లేకుంటే గేటు దాటనివ్వరు."

ప్రసూనకు ఆకుపచ్చది నచ్చింది. వంశీధర్‌కు నీలం రంగుది తనే ఏరింది. ఇద్దరూ అక్కడే తొడుక్కుని, అద్దంలో ఒకరినొకరు చూసుకుని, కొట్టు దద్దరిల్లేలా నవ్వారు. పెళ్లయి నెల కూడా తిరగని జంటకు నవ్వడానికి కారణం అక్కర్లేదు. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు భుజాలు ఆనించుకుని నిలబడటం చూసినా ప్రసూనకు నవ్వొచ్చేది. పెద్దవాళ్ల ముందు "ఏవండీ" అని, గది తలుపు పడగానే "ఒరే వంశీ" అని పిలవడంలో ఉన్న సుఖం ఎంఎస్సీలో చదివిన ఏ పుస్తకంలోనూ ఆమెకు కనపడలేదు.

వంశీధర్‌ది భీమవరం. చేపల చదువు చదివి, రొయ్యల చెరువుల దగ్గర పనిచేసి, చివరికి ఉత్తర సముద్రం కొసన హెల్మారా అనే చిన్న దీవి దేశంలో ఉద్యోగం సంపాదించాడు. అక్కడ మనుషుల కన్నా గొర్రెలు ఎక్కువట, గొర్రెల కన్నా చేపలు ఎక్కువట. సముద్రంలో వలల పంజరాలు కట్టి చేపలు పెంచే కంపెనీ అది. జూన్ నెలాఖరులోగా వచ్చి చేరితే సరే, లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది అని ముందే చెప్పారు. ప్రసూన దీవి పటం ఒకటి సంపాదించి గది గోడకు అంటించింది. తాము ఉండబోయే చుక్కంత ఊరి మీద కుంకుమ బొట్టు పెట్టింది. ఇద్దరం కలిసి వెళ్లాలి, మొదటి మంచు కలిసి చూడాలి. ఆమెకు ఇంకే కోరికా లేదు.

అడ్డం ఒక్కటే ఉంది. అది చలి మండలి.

మండలి పుట్టుక కథ చిన్నదే. మన ప్రాంతం వాడొకాయన ఏదో మంచు దేశానికి ఉద్యోగానికి వెళ్లి, విమానం దిగిన పూటే పడిశం పట్టి తుమ్మాడు. ఆ తుమ్మును అక్కడి పత్రికవాడు ఫొటో తీసి వేశాడు. ఒక్క తుమ్ముతో రాష్ట్ర ప్రతిష్ఠకు ఎంత నష్టం జరిగిందో పెద్దలు సభలు పెట్టి లెక్కగట్టారు. ఇకమీదట చలికి తట్టుకోగలనని రుజువు చేసుకోనివాడు చలి దేశానికి వెళ్లరాదని నిబంధన వచ్చింది. నిబంధన వచ్చాక దాన్ని చూసుకోవడానికి "శీతల దేశ ప్రయాణ సంసిద్ధతా మండలి" వచ్చింది. దాన్ని ఏదైనా కొండ ప్రాంతంలో పెట్టాలని ఒకరిద్దరు అన్నారు. అక్కడ నిజంగానే చలి ఉంటుంది కాబట్టి సిబ్బంది వెళ్లరని అనుభవజ్ఞులు తేల్చారు. గుంటూరులో ఒక భవనం ఖాళీగా ఉంది. అలా మండలి గుంటూరుకు వచ్చింది.

మండలి పనితీరు గొప్పదని ఒప్పుకోవాలి. అది ఏర్పడ్డాక మనవాడెవడూ విదేశంలో తుమ్మినట్టు దాఖలా లేదు. ఎందుకంటే అది ఏర్పడ్డాక ఎవడూ వెళ్లలేదు.

*

మండలి గేటు లోపల ఒక పెద్ద థర్మామీటరు ఉంది. గోడ మీద రంగులతో వేసిన బొమ్మ అది. ఎర్ర గీత మైనస్ పదిహేను దగ్గర ఆగి ఉంది. వానకు వెలిసిపోతే మళ్లీ మైనస్ పదిహేనుకే రంగు వేస్తారు.

లోపలికి అడుగుపెట్టగానే పొయ్యిలో తల పెట్టినట్టయింది. పైన ఫ్యాన్లు లేవు. గది నాలుగు మూలలా నాలుగు రూమ్ హీటర్లు ఎర్రగా కాలుతున్నాయి. వాటి మధ్య సూపరింటెండెంటు కామేశ్వరి గారు మెడకు మఫ్లరు చుట్టుకుని కూర్చుని ఉన్నారు.

"మేడమ్, హీటర్లు ఎందుకండీ?" అన్నాడు వంశీధర్, ఆపుకోలేక.

"మేం ఏసీ అడిగాం నాయనా," అందావిడ నిట్టూర్చి. "చలి ప్రదేశంలో ఏసీ ఏం అవసరమని ఆడిట్ వాళ్లు కొట్టేశారు. హీటర్లయితే సమంజసమని వాళ్లే మంజూరు చేశారు. మంజూరైన సామాను వాడకపోతే మళ్లీ అభ్యంతరం."

"ఆయ్, అదీ నిజమేనండి. కానీ ఈ ఉక్కకి చెమట..."

కామేశ్వరి గారు చెయ్యెత్తి ఆపారు. గదిలో మిగతా గుమాస్తాలు బూతు విన్నట్టు తలలు దించుకున్నారు.

"ఆ మాటలు ఈ ఆవరణలో వాడకూడదు. ఎండ, ఉక్క, చెమట, ఈ మూడూ నిషేధం. మీ నుదుటి మీద మంచు కరుగుతోంది, తుడుచుకోండి."

వంశీధర్ కరిగిన మంచు తుడుచుకున్నాడు. ప్రసూన పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. మండలిలో నవ్వు నిషేధం కాదు గానీ, దానికింకా ఎవరూ నిబంధన రాయకపోవడమే కారణం.

తర్వాత వాళ్లను సంచాలకుల గారి గదిలోకి పంపారు. సంచాలకులు పరాంకుశం గారు నిండు కోటు, చేతులకు తొడుగులు వేసుకుని, కాగితం తిప్పడానికి నానా అవస్థా పడుతున్నారు. చలి విషయంలో ఆయన అనుభవం చాలా లోతైనది. ఒకసారి ఊటీకి వెళ్లబోతే బస్సు తప్పిపోయింది.

"కూర్చోండి దంపతులారా," అన్నారాయన. "చలి అంటే వాతావరణమని సామాన్యుల భ్రమ. చలి ఒక క్రమశిక్షణ. చలి ఒక సంస్కారం. అభ్యర్థిలో శీతల స్పృహను మేల్కొలిపి, ఉష్ణ వాసనలను సమూలంగా నిర్మూలించడమే ఈ మండలి ఆశయం. మీలో వణుకు ఏ స్థాయిలో ఉంది?"

"ఇప్పుడా సార్?" అంది ప్రసూన.

"ఇప్పుడే. మైనస్ పదిహేనులో ఉన్నారు. వణక్కపోతే మీ స్పృహలో లోపమున్నట్టు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని వణికారు. వంశీధర్ పళ్లు కూడా టకటకలాడించాడు. కాలేజీ నాటకంలో దయ్యం వేషం వేసిన అనుభవం అక్కరకొచ్చింది. పరాంకుశం గారు సంతృప్తిగా తలాడించి, మంచు నడక శిక్షణకు పంపించారు.

మంచు నడకకు మంచు కావాలి. గుంటూరులో మంచు దొరకదు గానీ పత్తి దొరుకుతుంది. ఊరి బయట పత్తి మిల్లులో గింజ తీసిన దూది నడుము లోతున పోసి, అభ్యర్థులను అందులో నడిపించేవారు. పారలతో దూది ఎత్తి పోయించేవారు. పడితే ఎలా లేవాలో నేర్పేవారు. మండలి చేసిన పనులన్నిటిలోనూ ప్రసూనకు నచ్చింది ఇదొక్కటే. చిన్నప్పుడు దూది బస్తా మీదికి దూకితే నాన్న తిట్టేవాడు. ఇప్పుడు ప్రభుత్వమే దూకమంటోంది. ఆమె దోసెడు దూది ముద్ద చేసి వంశీధర్ మీదికి విసిరింది. అతను వెనక్కి పడి, దూదిలో మునిగి, మీసాలూ కనుబొమలూ తెల్లగా లేచాడు.

"అమ్మో, ముసలాడివైపోయావు!" అంది.

"నువ్వు మాత్రం? నీ జడ చూసుకో, ఎనభై ఏళ్ల ముత్తైదువు."

శిక్షకుడు ఈల ఊదాడు. "మంచులో సరసాలాడరాదు! మంచు చాలా గంభీరమైన పదార్థం!"

*

అసలు పరీక్ష మిగిలింది. అది కోల్డ్ స్టోరేజీలో.

ఎన్ని బొమ్మలు వేసినా నిజమైన చలి కాసేపైనా చూపించాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. గుంటూరులో నిజమైన చలి ఉండేది మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీల్లోనే. మండలి ఒకదాన్ని అద్దెకు తీసుకుంది. అయితే ఆ రోజుల్లో అది ఖాళీగా లేదు. కొత్త పంట టిక్కీలు, అంటే మిరపకాయలు కుక్కి కుట్టిన గోతాలు, కప్పు దాకా పేర్చి ఉన్నాయి. అన్నీ తేజ రకం. ఆ కాయ పేరు చెబితేనే కొందరికి ఎక్కిళ్లు వస్తాయి.

స్టోరేజీ మేస్త్రి మస్తాన్ వలి తలుపు దగ్గర ప్రసూనను చూసి గుర్తుపట్టాడు. ఆమె తండ్రి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. ఆమె టిక్కీల మధ్యే పాకి, టిక్కీల మీదే హోంవర్కు చేసి పెరిగింది.

"ఏందమ్మా ప్రసూనమ్మా, నువ్విక్కడ? కాయకే చోటు చాలక మేం చస్తంటే మనుషుల్ని కూడా తెచ్చి పేరుస్తన్నారా ఏంది?"

"చలి పరీక్ష మస్తాన్ మామా. మా ఆయన."

"ఓర్నాయనో, కొత్తల్లుడు గారా! యార్డు అల్లుడుకి ఘాటు అలవాటేనా బాబూ?"

"ఆయ్, మాది భీమవరమండి. చేపలైతే అలవాటేనండి," అన్నాడు వంశీధర్.

పరీక్ష పద్ధతి పరాంకుశం గారే రూపొందించారు. చలి దేశంలో మనిషిని కూల్చేది చలి కాదని, స్వదేశ బెంగ అని ఆయన పరిశోధనలో తేలింది. కాబట్టి చలిలో నిలబెట్టి అభ్యర్థి కళ్లు చూడాలి. కన్నీరు కార్చినవాడు బెంగ పడ్డట్టు. బెంగ పడ్డవాడు అనర్హుడు.

తలుపు మూశారు. చలి సూదుల్లా గుచ్చింది. ఆ చలిని ఎక్కి మిరప ఘాటు ముక్కులోకి వచ్చింది. కాసేపట్లో అభ్యర్థులందరూ బొటబొటా ఏడుస్తున్నారు. ఒకాయన గోడకు తల ఆనించి వెక్కుతున్నాడు. పరీక్షాధికారి తన కన్నీళ్లు తుడుచుకుంటూ, అభ్యర్థుల కన్నీళ్లు రాసుకుంటున్నాడు. వంశీధర్ కళ్లు రెండూ చింతనిప్పులయ్యాయి. బుగ్గల మీద ధారలు కడుతున్నాయి.

"ఇంత బెంగా!" అని అధికారి ముక్కు ఎగబీల్చాడు. "ఎవరు గుర్తొచ్చారయ్యా?"

"ఎవరూ... హాచ్... ఎవరూ గుర్తు రాలేదండి. మిరపకాయలండి."

"మిరపకాయలు గుర్తొచ్చాయి. అంటే సొంత ఊరి వంట మీద బెంగ," అని అధికారి రాసుకున్నాడు.

ప్రసూన మాత్రం ఎండు కళ్లతో హాయిగా నిలబడింది. ఆమెకు అది పుట్టింటి వాసన. ఇంకొంచెం లోపలికి వెళ్లి గట్టిగా పీల్చి, "ఈసారి కాయ బావుంది మామా, తొడిమ కూడా పచ్చగా ఉంది," అంది.

మర్నాడు ఫలితాలు చెప్పారు. మండలి పుట్టాక ఉత్తీర్ణత పొందిన మొదటి అభ్యర్థి ప్రసూన. పరాంకుశం గారు లేచి నిలబడి, తొడుగు తీయకుండా అభినందించారు.

"మా ఆయన సార్?"

"మీ భర్తగారికి స్వదేశ బెంగ తీవ్ర స్థాయిలో ఉంది. అనర్హులు."

"కానీ ఉద్యోగం ఆయనదండీ. నాకు వీసా ఇచ్చింది ఆయన వెంట వెళ్లడానికి."

"నిస్సందేహంగా. భర్త వెంట వెళ్లే భార్యగా మీకు పూర్తి అర్హత ఉంది. వెంటనే బయల్దేరవచ్చు."

"ఎవరి వెంటండీ?"

"అది మండలి పరిధిలోని ప్రశ్న కాదమ్మా."

ఆ సాయంత్రం ఇంట్లో ఇద్దరూ నవ్వలేదు. కాసేపే లెండి. ఆ తర్వాత వంశీధర్ ఎర్రకళ్లతో అద్దంలో చూసుకుని, "నిజంగా ఎవరో గుర్తొచ్చినట్టే ఉన్నాను కదే," అన్నాడు. ఆమె పకపకా నవ్వి, ఆ నవ్వులోంచే కొంచెం ఏడ్చింది. వాళ్ల అదృష్టం, రాసుకోవడానికి మండలివారెవరూ అక్కడ లేరు.

*

అనర్హులకు ఒక దారి ఉంది. చలి దేశంలో కొంతకాలం నివసించిన అనుభవం చూపితే మళ్లీ పరీక్ష పెడతారు.

"అక్కడికి పోవాలంటే మీ అనుమతి కావాలి. మీ అనుమతి రావాలంటే అక్కడ ఉండొచ్చి ఉండాలి. ఎట్టాగండీ?" అని ప్రసూన కామేశ్వరి గారిని అడిగింది.

ఈ చిక్కు మండలికి కొత్త కాదు. దానిమీద అప్పటికే సమావేశాలు జరిగాయి, టీలు తాగారు, చివరికి పరాంకుశం గారికి మెరుపులా ఒక ఆలోచన వచ్చింది. అభ్యర్థి చలి దేశానికి వెళ్లలేనప్పుడు చలి దేశమే అభ్యర్థి దగ్గరికి రావాలి. ఇందుమూలముగా మండలి ఆవరణ యావత్తూ, ప్రహరీ గోడతో సహా, శీతల విదేశంగా ప్రకటించడమైనది. వెనక ఉన్న హాస్టల్లో అనర్హులు నివాసముండి అనుభవం గడించవచ్చు.

ఆ సమావేశంలోనే కామేశ్వరి గారు ఒక చిన్న సందేహం వెలిబుచ్చారు. ఆవరణ విదేశమైతే, అందులో పనిచేసే సిబ్బంది విదేశంలో పనిచేస్తున్నట్టే కదా? అలాంటప్పుడు విదేశీ భత్యం? సందేహం న్యాయమైనదని పరాంకుశం గారితో సహా అందరూ ఒప్పుకున్నారు. భత్యం మంజూరైంది. మండలి ఇచ్చిన ఉత్తరువుల్లో సిబ్బంది మనసారా అమలు చేసింది అదొక్కటే.

వంశీధర్ పెట్టె సర్దుకుని విదేశానికి వెళ్లాడు. ప్రసూన ఆటోలో దింపింది.

హాస్టల్ కిటికీలన్నిటికీ నల్లగుడ్డ కుట్టారు. ధ్రువం దగ్గర చలికాలమంతా సూర్యుడు కనపడడని పరాంకుశం గారు ఎక్కడో చదివారు. చీకట్లో కంబళ్లు కప్పుకుని, హీటరు పక్కన, వేడి సూపు తాగుతూ అనర్హులు చలి అనుభవిస్తున్నారు. వాళ్ల నుదుళ్ల మీద మంచు కరిగి ఏరులై పారుతోంది.

మర్నాడు ప్రసూన మజ్జిగ సీసా, కందిపొడి పట్టుకుని వచ్చింది. గేటు దగ్గర కాపలాదారు ఆపాడు.

"పాస్‌పోర్టు చూపించండమ్మా."

"మా ఆయన్ని చూడటానికి బాబాయ్. నిన్న నువ్వే నమస్తే పెట్టావుగా నాకు."

"నిన్న ఇది గుంటూరమ్మా." అతను సంచీ తెరిచాడు. "కందిపొడి పోనివ్వొచ్చు. మజ్జిగ కుదరదు. చలి దేశంలోకి చల్లటి పదార్థాల దిగుమతి లేదంట."

"పోనీ ఒక్క మాట మాట్లాడనివ్వు."

"విదేశాల్లో ఉన్నోళ్లతో ఫోనులోనేనమ్మా మాట్లాడాల్సింది. రూలు."

అందుకని గేటుకు ఇవతల ప్రసూన, అవతల వంశీధర్, ఊచల మధ్య జానెడు దూరంలో నిలబడి, చెవుల దగ్గర ఫోన్లు పెట్టుకున్నారు.

"హలో. వినపడుతోందా?"

"ఆ... కొంచెం గట్టిగా."

"తిన్నావా?"

"సూపు. మళ్లీ సూపు." అతని మొహం ఉడికించిన రొయ్యలా ఉంది. "అక్కడ వాతావరణం ఎలా ఉంది ప్రసూ?"

"ఇక్కడ గాలి ఆడుతోంది. అక్కడ?"

"ఇక్కడ మైనస్ పదిహేనే. రంగు ఆరలేదింకా, మళ్లీ వేశారు." అతను నవ్వబోయి ఆగాడు. "ఏయ్, నిజం చెప్పనా? కంపెనీవాళ్లు మళ్లీ మెయిల్ పెట్టారు. వస్తున్నావా లేదా అని. ఈ వారం దాటితే ఇంకొకడికి ఇచ్చేస్తారంట. అక్కడికి వెళ్లకపోయినా ఫర్వాలేదు గానీ, నీకు మంచు చూపిస్తానన్నాను. అదొక్కటీ..."

"ఏడవకు. ఎవరైనా చూస్తే మళ్లీ రాసుకుంటారు," అంది ప్రసూన.

అని ఫోను పెట్టేసింది గానీ కదల్లేదు. గేటు వంక చూసింది. గేటు పక్కన ఉన్న కొత్త బోర్డు వంక చూసింది. "శీతల విదేశ ప్రారంభం" అని రాసి ఉంది. దాని మీద ఒక కాకి నోరు తెరుచుకుని రొప్పుతోంది. ప్రసూన ఆ బోర్డును మళ్లీ చదివింది. అప్పుడు ఆమె మొహంలో నవ్వు మెల్లగా విచ్చుకుంది. పెళ్లిచూపుల నాడు కాఫీ బదులు అబ్బాయికి ఉప్పు కలిపిన నీళ్లు ఇచ్చినప్పుడు వచ్చిన నవ్వే అది.

ఇంటికి పరుగెత్తి పాస్‌పోర్టు తెచ్చి, స్వెట్టరు తొడుక్కుని, దాని కింద మజ్జిగ సీసా దాచుకుని, దర్జాగా గేటు దాటింది.

*

"సార్," అంది పరాంకుశం గారి ముందు నిలబడి, చక్కగా వణుకుతూ. "మా ఆయన ఇప్పుడు ఎక్కడున్నారండీ?"

"విదేశంలో ఉన్నారమ్మా. శీతల విదేశంలో," అన్నారాయన గర్వంగా.

"గుంటూరులో లేరుగా?"

"ఛ. ఆయన గుంటూరు వదిలి వెళ్లారు. ఆ సంగతి ఉత్తరువులో స్పష్టంగా ఉంది."

"మరి గుంటూరు నుంచి చలి దేశానికి పోయేవాళ్లకే కదండీ మీ అనుమతి?"

"నిస్సందేహంగా."

"ఆల్రెడీ చలి దేశంలో ఉన్నవాళ్లు పక్క చలి దేశానికి పోవాలనుకుంటే?"

పరాంకుశం గారు గబగబా బల్ల సొరుగు లాగారు. తొడుగులున్న చేతులతో నిబంధనల పుస్తకం తిప్పబోయారు. పేజీలు తిరగలేదు.

"అలాంటి... అలాంటి సందర్భం ఊహించబడలేదు. అయినప్పటికీ, ఆయన స్వదేశ బెంగ దృష్ట్యా, వెళ్లుటకు వీల్లేదు."

"అట్టాగే సార్," అంది ప్రసూన చాలా వినయంగా. "వీల్లేదంటే ఆయనింకా గుంటూరులోనే ఉన్నట్టు. అంటే ఇది గుంటూరే. ఆ ముక్క ఒక్కటి రాసివ్వండి, నేను పోతాను."

హీటర్లు టిక్కు టిక్కుమంటున్నాయి. తలుపు దగ్గర ఎప్పుడు చేరారో, గుమాస్తాలందరూ మఫ్లర్లతో నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు కామేశ్వరి గారు.

"సార్," అందావిడ గొంతు సవరించుకుని. "ఇది గుంటూరని రాస్తే..."

"రాస్తే?"

"భత్యం, సార్."

"ముందే తీసుకున్న నెలది కూడా తిరిగి కట్టమంటారు సార్," అన్నాడు వెనక నుంచి ఒక గుమాస్తా, నిజంగానే వణుకుతూ. మండలిలో ఎవరైనా నిజంగా వణకడం అదే మొదటిసారి.

పరాంకుశం గారి నుదుటి మీద మంచు ధారగా కరిగింది. ఆయన ఒకసారి ప్రసూనను చూశారు, ఒకసారి సిబ్బందిని చూశారు, ఒకసారి గోడ మీద తన పేరూ హోదా ఉన్న పలక వైపు చూశారు. తర్వాత లేచి నిలబడి గొంతు పెంచారు.

"ఇది ముమ్మాటికీ విదేశం! ఒక శీతల దేశంలో నివాసమున్న పౌరుడు మరొక శీతల దేశానికి తరలడాన్ని ఆపే అధికారం మండలికి లేదు. అంతేగాక, ఇది మండలి సాధించిన చారిత్రక విజయం. మా శిక్షణలో రాటుదేలిన తొలి దంపతులు ప్రపంచ చలిలోకి అడుగుపెడుతున్నారు. కామేశ్వరి గారూ, వీడ్కోలు సభకు ఏర్పాట్లు చేయండి."

"వేడి కాఫీనా సార్?"

"చల్లటిది ఏదైనా తెప్పించండి," అన్నారాయన కుర్చీలో కూలబడి, చాలా నీరసంగా. ఆ ఒక్క క్షణం ఆయన క్రమశిక్షణ సడలింది. ప్రసూన ఆ మాట ఎవరికీ చెప్పలేదు. స్వెట్టరు కింది నుంచి మజ్జిగ సీసా తీసి బల్ల కింద నుంచి ఆయనకు అందించింది.

*

హెల్మారాలో విమానం దిగేసరికి పదకొండు డిగ్రీలుంది. వంశీధర్ నిజంగానే వణికాడు, ఈసారి నాటకం అనుభవం అక్కర్లేదు. కానీ అక్కడి జనం చేతుల్లేని బనీన్లతో, పొట్టి నిక్కర్లతో, మొహాలు ఎర్రగా చేసుకుని తిరుగుతున్నారు. గోడల నిండా హెచ్చరికలు అంటించి ఉన్నాయి. వంశీధర్ చదివి కళ్లు నులుముకున్నాడు.

"ఏమని రాశారు?"

"వడగాడ్పులంట. జాగ్రత్తగా ఉండమంటున్నారు."

బల్ల వెనక కూర్చున్న తనిఖీ అధికారి ఆజానుబాహుడు. రెండు ఫ్యాన్ల మధ్య కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. వాళ్ల పాస్‌పోర్టులు చూసి జాలిపడ్డాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఈ వేసవికి తట్టుకోగలరో లేదో మా ఉష్ణ సంసిద్ధతా విభాగం చూడాలి, మీ దేశంలో వేడి అంటే ఏమిటో తెలుసా అని ఇంగ్లీషులో అడిగాడు. ప్రసూన, వంశీధర్ ఒకరినొకరు చూసుకున్నారు. వంశీధర్ నవ్వాపుకోడానికి పొట్ట పట్టుకున్నాడు. ఆమె నేల చూపులు చూసింది.

"కొంచెం కొంచెం తెలుసండీ," అంది చివరికి.

అధికారి పెట్టె తెరవమన్నాడు. పైనే మడతపెట్టి ఆకుపచ్చ స్వెట్టరు, నీలం స్వెట్టరు ఉన్నాయి. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చాక వాటిని ఉతకలేదు. పుట్టింటి వాసన పోతుందని ప్రసూనే ఉతకనివ్వలేదు. ఆయన ఒకదాన్ని ఎత్తి దులిపాడు.

మొదటి తుమ్ముకు బల్ల మీది ముద్ర ఎగిరిపడింది. రెండో తుమ్ముకు పక్క బల్లవాళ్లు లేచి నిలబడ్డారు. ఆ తర్వాత ఆయన తుమ్ములకు విరామం లేదు. కళ్ల వెంట ధారలు కడుతూ, ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో గబగబా ముద్రలు కొట్టి, వెళ్లండి వెళ్లండని సైగ చేశాడు. మన ఊరివాడి ఒక్క తుమ్ముతో పోయిన రాష్ట్ర ప్రతిష్ఠ అలా వడ్డీతో సహా తిరిగి వచ్చింది. ఫొటో తీసేవాడే లేకపోయాడు.

"పాపం," అంది ప్రసూన వెనక్కి తిరిగి చూస్తూ. "స్వదేశ బెంగ."

"ఆయన స్వదేశం ఇదేనే!"

"అయినా సరే. పరాంకుశం గారైతే అస్సలు పంపేవారు కాదు."

బయట ఎండ మెత్తగా, వెన్నెలకు అన్నగారిలా ఉంది. ఆకాశం కడిగినట్టు ఉంది. కంపెనీ బండి ఎక్కడుందా అని వంశీధర్ వెతుకుతున్నాడు. ప్రసూన చూపు మాత్రం భవనం నీడలో, గోడ మూలన ఆగిపోయింది. చలికాలంలో పారలతో ఎత్తిపోసిన కుప్ప ఒకటి కరగకుండా మిగిలి ఉంది. పైన దుమ్ము పట్టి, లోపల తెల్లగా.

ఆమె మెల్లగా వెళ్లి వంగి, పైపొర తోసేసి, వేలితో తాకింది. వేలు వెనక్కి లాక్కుని మళ్లీ తాకింది.

"వంశీ! ఒరే వంశీ! అచ్చం దూదిలాగే ఉందిరా!"

మండలి ఒక్క విషయంలో నిజమే చెప్పింది. ఆ మాట పరాంకుశం గారికి కార్డు రాయాలని ఆమె అక్కడే అనుకుంది. అనుకుంటూనే దోసెడు తీసుకుని ముద్ద చేసింది. ఎలా ముద్ద చేయాలో, ఎలా విసరాలో ఆమెకు బాగా వచ్చు. ప్రభుత్వ శిక్షణ.

ముద్ద వెళ్లి సరిగ్గా అతని నుదుటికి తగిలి పగిలింది. "అమ్మో!" అని అతను ఎగిరి గంతేశాడు. చల్లటి నీళ్లు కనుబొమల మీదుగా, ముక్కు మీదుగా, కొత్త చొక్కా మీదికి కారాయి.

ప్రసూన నడుం మీద చేతులు పెట్టుకుని, గొంతు బొంగురుచేసుకుని, కామేశ్వరి గారిలా అంది:

"మీ నుదుటి మీద మంచు కరుగుతోంది, తుడుచుకోండి."